నా పరామర్శకొచ్చిన పద్మావతమ్మగారు

నేను అబద్ధం చెప్పను గానీ, పెడనలో నేను నేసిన చీరొకటి గాలికి లేచి, బందరు దాకా పోయి, సముద్రాన్ని ఒక పూటంతా కప్పేసింది. చీకటి పడిందనుకుని చేపలు నిద్రపోయాయి. ఇలాంటివి నేను చెబుతుంటే మా కోడలు నాగదుర్గ బ్లాగులో రాసేది. నాకు వేలిముద్ర తప్ప రాదు. వన్ టౌన్‌లో మా ఇరుకు వాటాలో చెప్పిన మాట ఎక్కడెక్కడివాళ్లో చదివి, కింద తలో మాటా రాసేవారు.

ఎండలు తగ్గేసరికి ఆ మాటలు ఆగిపోయాయి.

అంతకు కొద్దిరోజుల ముందే పటమటలో పేరుబలం చూసే ఆయన, ఈ బ్లాగు పేరు అచ్చిరాదు, మార్చెయ్యమన్నాడు. నాగదుర్గ పేరుతోపాటు చిరునామా కూడా మార్చేసింది. కథలు వేస్తూనే ఉంది. చదివే నాథుడు లేడు.

మొదట్లో ఫోను చూసుకుంటూ అన్నం చల్లార్చుకునేది. తర్వాత ఫోను చూడడమే మానేసింది. జనం నవ్వలేక ఆస్పత్రుల్లో పడి ఉంటారన్నాను. పిల్ల నవ్వలేదు.

"ఇంక రాయను మామయ్యా. ఎవరి కోసం రాయాలి?" అంది.

నేను నోరు తెరిస్తే నా కొడుక్కి ఆవులింతలొస్తాయి. ఈ పిల్ల రాయకపోతే నా కథలు నాతోనే కాటికి పోతాయి.

మర్నాడు గుమ్మంలో ఆటో ఆగింది. ఒక పెద్దావిడ గోడ పట్టుకుని లోపలికొచ్చింది. పేరు పద్మావతమ్మట, గన్నవరం నుంచి వచ్చిందట. నా కథల్లో మా సందు గుర్తులు విని, వాటిని బట్టి ఆటో ఆయన్ని నడిపించిందట. చూపు బాగా మందగించింది. నాగదుర్గ మంచినీళ్లిస్తే పుచ్చుకోలేదు. కుర్చీ అంచున కూర్చుని, మా కోడలి చెయ్యి పట్టుకుని అడిగింది.

"పెద్దాయన ఏ రోజు పోయారమ్మా?"

ఎదురుగా మంచం మీద ఉన్నది నేనే. ఎందుకైనా మంచిదని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను.

"ఎవరండీ?" అంది నాగదుర్గ.

"చౌడయ్యగారమ్మా. కథలు రావడం లేదు. బతికుంటే ఆయన నోరు ఊరుకుంటుందా? నిన్ననే వద్దును. మంగళవారం పరామర్శకి రాకూడదని ఆగాను."

"ఊరుకోదండీ" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి, నా గొంతు వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత సంగతి చెప్పింది. మనవరాలు రుచిత ఆవిడ ఫోనులో ఫీడ్ అనేదొకటి పెట్టింది. బ్లాగు చిరునామా ఒక్కసారి ఇస్తే చాలట. కొత్త కథ పడగానే, పాలపాకెట్టు గుమ్మంలోకి వచ్చినట్టు దానంతటదే వచ్చేస్తుంది. ఫోనే చదివి వినిపిస్తుంది. వెతుక్కునే పని లేదు. నా కథలు చదివేవాళ్లు చాలామంది అలాగే తెప్పించుకునేవారట.

నాగదుర్గ నా వైపు తిరిగింది.

"చిరునామా మారిస్తే ఫీడ్ తెగిపోతుంది. పాత పడుగు కోసి పారేసి, అతక్కుండా కొత్తది ఎక్కించాను మామయ్యా."

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే దాని కొసలు తీసెయ్యం. వాటిని అలాగే ఉంచి, కొత్త పోగులు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతుకుతాం. నేతింట పుట్టిన పిల్ల చిరునామా మార్చేటప్పుడు ఆ మాటే మరిచిపోయింది.

అదృష్టం, పాత చిరునామా ఇంకెవరూ తీసుకోలేదు. దాన్ని మళ్లీ తన పేరున పెట్టుకుని, అక్కడికొచ్చే ఫీడ్ కొత్త బ్లాగుకి మళ్లేలా కట్టింది. పద్మావతమ్మగారి ఫోను బల్లమీద పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. అది ఎంతకీ పలకదు. పిల్ల గోళ్లు కొరుక్కుంటోంది. నాకు హాస్యమాడబుద్ధి కాలేదు.

ఉన్నట్టుండి ఫోను, రోట్లో రోకలి చదువు నేర్చినట్టున్న గొంతుతో, నా కథ మొదలుపెట్టింది. పద్మావతమ్మగారు కళ్లు మూసుకుని విన్నారు. నాగదుర్గ లేచి కాఫీ పెట్టింది. ఆవిడ తాగారు.

మిగతావాళ్లు తిరిగొస్తారో లేదో తెలియదు. కొందరు ఈపాటికి నా పాత చిరునామా తీసేసి, నాకు దినాలు కూడా పెట్టేసి ఉంటారు.

"మీరెలా పోయారో చెప్పండి మామయ్యా, రాస్తాను" అంది నాగదుర్గ, తన ఫోను చేతిలోకి తీసుకుంటూ.

పరామర్శకొచ్చినవాళ్లు చెప్పకుండా లేచి వెళ్లిపోతారు. పద్మావతమ్మగారు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరిగారు.

"వెళ్లొస్తానండీ" అన్నారు.