రజియా కొలత

ఐదో నంబరు పాదాలు వెచ్చగానే ఉన్నాయి. రజియా దుప్పటి సరిచేసి ఆరో నంబరు మంచం దగ్గరికి జరిగింది.

పొద్దున్నే వార్డులోకి రాగానే పడుకున్నవాళ్ళ పాదాలు ఒక్కొక్కరివీ పట్టుకుని చూడటం ఆమెకు ఇరవై ఒక్కేళ్ళ అలవాటు. ఎవరూ నేర్పింది కాదు. ఉద్యోగంలో చేరిన తొలి నెలలో, నిద్రపోతున్నాడు కదా అని ఒక మనిషిని లేపకుండా వదిలేసి, అది నిద్ర కాదని ఎండెక్కాక తెలుసుకున్నప్పటినుంచీ వచ్చింది. ఇంట్లో కూతురు ఫర్హా చంటిదిగా ఉన్నన్నాళ్ళూ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. ఇప్పుడా పిల్ల ఆనందపురం అవతల కాలేజీలో జీఎన్ఎం నర్సింగు రెండో ఏడు చదువుతూ హాస్టల్లో ఉంది. వేలు అంతదూరం పోదు కనక రజియా రోజుకు మూడుసార్లు ఫోను చేస్తుంది. హాస్టల్లో ఫ్యాను ఊడిపడుతుందేమోనని, కాలేజీ బస్సుకు హైవే మీద లారీ అడ్డం వస్తుందేమోనని, ఆటోనగర్‌లో లేతు మీద పనిచేసే మొగుడు నజీర్ అహ్మద్ చొక్కా చెయ్యి ఎక్కడ యంత్రంలో చిక్కుకుంటుందోనని, ఆమె భయాలకు ఆదివారం కూడా సెలవు లేదు.

ఆరో నంబరు ఎల్లాజీ మెలకువగానే ఉన్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. పోర్టులో ఓడలకు మోకులు కట్టి కట్టి అరచేతులు చెప్పుల అడుగుల్లా మొద్దుబారాయి. నూతిగట్టు దగ్గర జారిపడి కుడి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇది నాలుగో రోజు.

"ఏటి తల్లీ, ఇయ్యాల కూడా కాళ్ళు మొక్కేత్తన్నావు? నానేటి దేవుణ్ణా?"

"మొక్కడం కాదు బాబాయ్. ఉన్నావో నేదో సూత్తన్నాను."

"పోతే నీకు సెప్పే పోతాన్లే." నవ్వబోయి ఆమె వైపు తేరిపార చూశాడు. "అదేటి, తెల్లకోటు ఏదీ? ఈ పచ్చదేటి?"

ఉతుక్కి వేశానని రజియా అబద్ధమాడింది.

పచ్చకోటు ఆయాలది. భుజాల దగ్గర బిగుతుగా, చేతుల దగ్గర వదులుగా, ఎవరి ఒంటికి కుట్టిందో ఎవరికీ సరిపడని కోటు. నిన్న సాయంత్రం మేనేజరు కామరాజుగారు ఆమెను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి మరీ ఇచ్చారు. ఆయన కుర్చీ చూపించినప్పుడే అది మంచి కబురు కాదని ఆమెకు తెలిసిపోయింది. నర్సింగ్ హోంకు నాణ్యత సర్టిఫికెట్టు ఇచ్చే తనిఖీవాళ్ళు రేపు వస్తున్నారని, తెల్లకోటు వేసుకున్న ప్రతి మనిషి చదువు కాగితమూ చూస్తారని, జీఎన్ఎం గాని బీఎస్సీ గాని లేనివాళ్ళు నర్సుల లెక్కలో కనపడకూడదని గోదావరి మర్యాదతో మెల్లగా చెప్పారు. ఎవరైనా అడిగితే, ఒళ్ళు తుడుస్తాను, పక్కలు మారుస్తాను, మందుల జోలికి పోను అనాలి. ఆ మూడు ముక్కలు తప్ప డాక్టరుతో సహా ఎవరి ముందూ నాలుగో ముక్క రాకూడదు. రజియా చదువే చదివిన నర్సు రాధను పోయిన నెలలోనే ఉద్యోగంలోంచి పంపేశారన్న సంగతి ఆయన గుర్తు చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు కూడా.

రజియాది ఏఎన్ఎం. పదో తరగతి తర్వాత పద్దెనిమిది నెలల చదువు. ఊళ్ళల్లో టీకాలకీ కాన్పులకీ పనికొచ్చే చదువని ఫర్హా రంజాన్ సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు పుస్తకం తెరిచి మరీ చూపించింది. "నువ్వు స్టాఫ్ నర్సువి కావు అమ్మీ. నేనవుతాను," అంది, నొప్పిస్తున్నానని తెలియని గొంతుతో. నిజమే. కానీ ఆ రోజుల్లో పాత టౌనులోని ఈ నర్సింగ్ హోం ఆమెకు తెల్లకోటు తొడిగి, సూది చేతికిచ్చి, సిస్టర్ అని పిలిచింది. దొరకని నరం వెతకాలంటే ఇప్పటికీ బీఎస్సీ పిల్లలు ఆమె కోసమే పరుగెత్తుకొస్తారు. సంతకం మాత్రం వాళ్ళది. ఇరవై ఒక్కేళ్ళ ఆమె పనంతా వేరేవాళ్ళ చేతిరాతలో ఉంది.

ఒకసారి దారి కనపడకపోలేదు. ముప్ఫై ఏళ్ళప్పుడు ప్రైవేటుగా ఇంటర్ రాసి పాసై, జీఎన్ఎం దరఖాస్తు కూడా తెచ్చుకుంది. అదే వారం ఫర్హాకు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. తను హాస్టల్లో ఉండగా మళ్ళీ వస్తే పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టేది ఎవరని ఆలోచిస్తూ కూర్చుంది. ఆలోచన తెగేసరికి వయసు దాటిపోయింది. ఆ దరఖాస్తు ఇప్పటికీ బీరువాలో నమాజు దుప్పట్టా కింద నింపకుండా ఉంది.

గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఎల్లాజీ ఒళ్ళు తుడవడం మొదలుపెట్టింది. తెల్లకోటులో ఉన్న రోజుల్లో ఈ పని ఆయమ్మ పోతమ్మ చేసేది. తను సూది వేసి, బీపీ చూసి పోయేది. మనిషి ఒళ్ళంతా ఇలా చేత్తో తడిమి ఎన్నేళ్ళయిందో. ఎడమ పిక్క తుడిచింది. కుడి పిక్క మీదికి గుడ్డ వెళ్ళగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

అరచెయ్యి ఆనించి చూసింది. ఎడమదానికంటే వేడి. చర్మం బిగిసి నున్నగా మెరుస్తోంది. మెల్లగా నొక్కితే ఎల్లాజీ పళ్ళ సందునుంచి గాలి పీల్చాడు.

"రాత్రినుండి లాగుతన్నాది. పట్టేసుంటాదిలే."

ఆపరేషన్ అయిన కాలు, వాపు ఉండదా అని తనకు తనే చెప్పుకుంది. కానీ కోసింది తొడ దగ్గర. పిక్క రాయిలా ఎందుకుంది? పాతికేళ్ళ కిందట పాఠంలో విన్నదీ, పదేళ్ళ కిందట నాలుగో నంబరులో కళ్ళారా చూసిందీ ఒకేసారి గుర్తొచ్చాయి. కాలిలో గడ్డకట్టిన రక్తం కదిలిందంటే ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఆ పైన ఎవరి చేతిలోనూ ఉండదు.

కేస్ షీటు మీద రాసే హక్కు ఆమెకు ఎప్పుడూ లేదు. అందుకని తన పద్ధతి తనకుంది. బ్యాండేజీ నుంచి ఒక పేలిక చింపి ఎడమ పిక్క చుట్టూ తిప్పి, చివర ఎక్కడ ఆనిందో అక్కడ ముడి వేసింది. అదే పేలికను కుడి పిక్కకు చుట్టి మరో ముడి వేసింది. రెండు ముడుల మధ్య రెండు వేళ్ళు పట్టాయి. మళ్ళీ కొలవడానికి దగ్గరుంటుందని మంచం పక్క కమ్మీకి కట్టబోతే ఎల్లాజీకి నవ్వొచ్చింది.

"ఇదేటి ముడే? పిల్లలు గాలిపటానికి ఏసే ముడి. ఇలాగియ్యి." పడుకునే పేలిక అందుకుని కమ్మీకి రెండు చుట్లు తిప్పి ఒక్క లాగు లాగాడు. "ఓడ లాగినా ఊడదు. లాగేకొద్దీ బిగుసుకుంటాది."

రజియా నేరుగా నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళింది. స్టాఫ్ నర్సు కీర్తన తలెత్తలేదు. ఇరవై మూడేళ్ళ పిల్ల, మధురవాడ నుంచి బండి మీద వస్తుంది, మంచి పిల్ల. నాలుగు రోజులుగా ఫైళ్ళు సర్దీ సర్దీ కళ్ళ కింద నల్లచారలు పడ్డాయి. రజియా గొంతు తగ్గించి కాలి సంగతి చెప్పింది. వాపు ఎంతో రెండు వేళ్ళు పెట్టి చూపించింది.

"అక్కా, మొన్న మూడో నంబరావిడకి కామెర్లన్నావు. ఆవిడ పసుపు రాసుకుందంతే," అంది కీర్తన నవ్వుతూ, విసుగు లేకుండానే. "ఆపరేషన్ కాలు కదా, వాస్తాది. ఈ తనిఖీవాళ్ళు వచ్చి వెళ్ళిపోనీ, సాయంత్రం సార్‌తో నేనే చెప్తాను."

అదీ నిజమే. వందసార్లు భయపడితే తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాలేదు. నువ్వు భయపడని రోజు చెప్పమ్మా, సెలవు పెట్టుకుంటాం అని డాక్టర్లే ఆటపట్టించేవారు. రజియా ఆగలేక ఎల్లాజీ పెళ్ళాం కనకరత్నాన్ని వరండాలో పట్టుకుని, పెద్ద డాక్టరు రాగానే కాలు చూడమని గట్టిగా అడగమంది. ఆవిడ సరేనంది. పదిన్నరకు కామరాజుగారు రోగుల తాలూకు మనుషులందరినీ కిందికి పంపేశారు. కనకరత్నం కూడా టిఫిను డబ్బా పట్టుకుని మెట్లు దిగిపోయింది.

పదకొండుకు తనిఖీవాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళ వెనక పెద్ద డాక్టరు, ఆయన వెనక కామరాజుగారు. మంచాలు, బోర్డులు, చెత్తబుట్టల రంగులు చూసుకుంటూ ఆరో నంబరు దగ్గర ఆగారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ రజియా వైపు తిరిగి, నీ పనేమిటమ్మా అని అడిగింది.

పెద్ద డాక్టరు చెయ్యి చాపితే అందేటంత దూరంలో ఉన్నారు. ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి దారానికి వేలాడుతుండటం కూడా ఆమెకు కనిపిస్తోంది. సార్, ఆ కాలు ఒక్కసారి చూడండి. ఐదు మాటలు. నోట్లోకి వచ్చి నాలుక కింద కూర్చున్నాయి. ఆయన భుజం మీదుగా కామరాజుగారి మొహం కనిపించింది. ఫీజు కట్టలేక హాస్టల్ మెట్ల మీద పెట్టెతో నిలబడ్డ ఫర్హా కనిపించింది. ఒక్కో అనర్థం కనిపించడం ఆమె కళ్ళకు అలవాటే.

"ఒళ్ళు తుడుస్తానండి. పక్కలు మారుస్తానండి. మందుల జోలికి పోనండి."

"అదేటి అలాగంతావు," అని మంచం మీంచి ఎల్లాజీ అందుకున్నాడు. "మేడమ్‌గారూ, ఈ యమ్మ ఆయా గాదండి, మాకు సూదులన్నీ..."

దుప్పటి కింద చెయ్యి పెట్టి రజియా అతని పాదం గట్టిగా నొక్కింది. కుడి పాదం. ఎల్లాజీ ఆమె మొహం చూశాడు. ఏదో అర్థమైనవాడిలా ఒక కన్ను మూసి తెరిచి, "మంచి పిల్లండి, అదే సెప్తన్నాను," అన్నాడు.

వాళ్ళు ఏడో నంబరుకు వెళ్ళిపోయారు. రజియా చేతిలో ఆ పాదం కాసేపు అలాగే ఉండిపోయింది. వెచ్చగానే ఉంది.

మధ్యాహ్నం రెండున్నరకు వ్యాయామం చేయించే కుర్రడాక్టరు వచ్చి, ఎల్లాజీని వాకర్ పట్టించి నిలబెట్టాడు. రజియా అప్పుడు మురికి దుప్పట్లు మోసుకుంటూ కింది అంతస్తులో ఉంది. పైకి వచ్చేసరికి అతను నాలుగడుగులు వేసి, గాలాడటం లేదని కిటికీ తియ్యమని, మంచం అంచున కూర్చున్నాడు. కిటికీ తీసే ఉంది. చెమట ధారకట్టిన మొహం రజియా వైపు తిప్పాడు. ఏదో అనబోయి పక్కకు ఒరిగాడు. ఆమె దుప్పట్లు వదిలేసి పరుగున వచ్చి గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. నిన్నే చేరిన డ్యూటీ డాక్టరుకు ఆమె తెలియదు, పచ్చకోటే కనిపించింది.

"ఆయమ్మా, పక్కకి జరుగు."

జరిగింది. పదిహేను నిమిషాలు ఆక్సిజన్, సూదులు, పరుగులు నడిచాయి. తర్వాత ఎవరో గడియారం చూసి టైము చెప్పారు. గుండెపోటని రాశారు.

శవాన్ని సర్దే పని కూడా ఆయాలదే. రజియా మళ్ళీ గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. చల్లనీళ్ళయినా సరిపోతుందని తెలుసు, అయినా వెచ్చనివే తెచ్చింది. మొహం తుడిచి, గడ్డం కిందనుంచి గుడ్డ కట్టి, కాళ్ళు దగ్గరకు చేర్చి బొటనవేళ్ళు కలిపి కట్టింది. కనకరత్నం ఏడవడం లేదు. గోడకానుకుని చూస్తూ, ఒక్క మాటే అంది.

"నీ సేతులమీదుగా ఎల్లిపోనాడు. అదే సాలు నాకు."

రజియా బొటనవేళ్ళ ముడి విప్పి మళ్ళీ కట్టింది.

సాయంత్రం దుప్పట్ల గదిలో కీర్తన గోడవైపు తిరిగి నిలబడి ఉంది. రజియాను చూసి మొహం తుడుచుకుంది. "పొద్దున్న నువ్వు చెప్పింది నేను ఎక్కడా రాయలేదక్కా. ఎవరితోనైనా అన్నావా?"

రజియా ఆ పిల్ల వైపు చూసింది. జడ ఫర్హా వేసుకున్నట్టే ఒక పక్కకు వేసుకుంది. మరో రెండేళ్ళకు ఫర్హా కూడా ఏదో ఒక బల్ల దగ్గర ఇలాగే తల ఎత్తకుండా రాస్తూ ఉంటుంది. ఆ బల్ల దగ్గరికి ఎవరో ఒక రజియా వచ్చి ఏదో ఒకటి చెబుతుంది.

"నాను నీకేటీ సెప్పలేదమ్మా," అంది. "మొహం కడుక్కో." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "రేపట్నుంచి పొద్దున్న రాగానే అందరి కాళ్ళూ ముట్టుకుని సూడు. ఫైలు తర్వాత తీద్దువుగాని."

కామరాజుగారు మెట్ల దగ్గర ఎదురయ్యారు. తనిఖీవాళ్ళు సంతోషపడ్డారట. ముఖ్యంగా ఆయాలకు కూడా తమ హద్దు తెలిసుండటం బాగుందని రాశారట. మళ్ళీ ఎప్పుడైనా చెప్పకుండా రావచ్చు కనక ఇకనుంచీ పచ్చకోటే వేసుకుంటే మంచిదని, జీతంలో మార్పేమీ ఉండదని ఆయన అన్నారు. రజియా అలాగేనండి అంది.

బస్సు ఎక్కకముందే ఫోను తీసింది. తిన్నావా అని అడిగింది, ఫ్యాను శబ్దం వస్తోందా అని అడిగింది, చివరికి కాళ్ళు వాయలేదు కదా అంది. "నాకెందుకు వాస్తాయి అమ్మీ?" అని ఫర్హా నవ్వింది. ఆ నవ్వు అయిపోయేదాకా విని పెట్టేసింది.

పైన వార్డులో ఆరో నంబరుకు ఉతికిన దుప్పటి పరిచి ఉంది, కొత్త మనిషి కోసం. అది పరిచేటప్పుడు కమ్మీకున్న పేలికను విప్పబోయింది రజియా. లాగేకొద్దీ బిగుసుకుంది. కత్తెర తెల్లకోటు జేబులో ఉండిపోయింది. గోటితో కాసేపు పెనుగులాడి వదిలేసి వచ్చింది. కిటికీ గాలికి ఆ పేలిక ఇనుప కమ్మీని తగులుతూ కదులుతోంది, ఎల్లాజీ వేసిన ముడి కింద రజియా వేసిన రెండు ముడులూ, వాటి మధ్య రెండు వేళ్ళ ఎడం.