పన్నెండు ఫొటోల్లో పిన్ని

నీకే చెబుతున్నాను, పక్కకు చూడకు. ముక్కు తుడిచి పెంచిన చేతిని మరిచిపోయి, నీ అంతట నువ్వే ఎదిగినట్టు విర్రవీగుతావు. నీలాంటివాడే ఒక గుమాస్తా ఉండేవాడు. ఆయనకేమైందో విను.

నీళ్ల ఆఫీసులో ఆయన ముప్పై ఏళ్లుగా చేసింది ఒకటే పని. కుళాయి పద్దుల్లో పోయినవాళ్ల పేర్లు ఎర్రసిరాతో కొట్టేసి, ఉన్నవాళ్ల పేర్లు రాయడం. అదే కుర్చీ, అదే నడుంనొప్పి. సాయంత్రం చెప్పులు విడిచే ఓపిక కూడా లేక గుమ్మంలో కాసేపు ఊరికే నిలబడేవాడు. అలాంటివాడు ఒక శనివారం పాత ఫొటోల రేకుపెట్టె మోసుకుని, రెండు బస్సులు మారి స్కానింగ్ షాపుకు వెళ్లాడంటే భార్య పోరు పడలేకే. ఫొటోలకు చెమ్మ పట్టింది, ఇంకో వానాకాలం ఆగవు, కంప్యూటర్లోకి ఎక్కించి దాచుకుందాం అని ఆవిడ ఆర్నెల్లుగా చెవిలో జోరీగలా అంటోంది.

షాపావిడ చేతులకు తెల్ల నూలు తొడుగులు. ఒక్కో ఫొటోను మెత్తని బ్రష్షుతో దులిపి అద్దం మీద బోర్లించేది. మూత వేసేముందు వంగి, కదలకండి, ఇప్పుడు వెలుతురొస్తుంది అని ఫొటో లోపలివాళ్లకు చెప్పేది. చెప్పకపోతే పసిపిల్లలు ఉలిక్కిపడతారు, ముసలివాళ్లు కళ్లు నులుముకుంటారు, మళ్లీ మొదటికి వస్తుంది. అందరికీ తెలిసిన సంగతే. గుమాస్తా ఆవలిస్తూ కూర్చున్నాడు.

మొత్తం నలభై ఫొటోలు. పన్నెండింటిలో పిన్ని ఉంది. ఆయనకు ఏడాది నిండకముందే కన్నతల్లి పోతే, నాన్న ఈవిణ్ణి చేసుకున్నాడు. జ్వరమొస్తే భుజాన వేసుకు తిరిగింది, బడికి దిగబెట్టింది, పెంచింది అంతా ఈవిడే. అయినా అమ్మ చోటులోకి వచ్చిందన్న కోపం ఆయనకు మీసాలు నెరిసినా చల్లారలేదు. ఒక్కనాడూ అమ్మా అని పిలిచిన పాపాన పోలేదు. పదకొండో ఏట హాస్టల్లో చేరాక ఆవిడ పక్కన ఫొటోకు నిలబడనేలేదు. కిందటేడు ఆవిడ పోతే, పలకరించడానికి వచ్చినవాళ్లకు మా నాన్న రెండో భార్య అని చెప్పి ఊరుకున్నాడు.

"ఈవిడ వద్దు. పన్నెండింటిలోనూ తీసేయండి," అన్నాడు.

షాపావిడ బ్రష్షు కింద పెట్టింది. "తీసేయడం నా వల్ల కాదు బాబుగారూ. లేచి వెళ్లమని అడగాలి. అదీ మీరే అడగాలి. వెళ్లినవాళ్లు మళ్లీ రారు, పాత కాగితంలోకైనా సరే." భూతద్దం పెట్టి చూసింది. "ఆవిడ చంకలో బిడ్డ కూడా ఉన్నాడే. ఇందులో కొంగు వెనక నక్కాడు. ఎవరీ పిల్లాడు?"

"నేనే."

"మరి దించి పొమ్మంటే దించుతుందా?"

"దించకపోతే తీసుకుపొమ్మనండి. ఆ వయసు మొహం ఇప్పుడెవడు చూడొచ్చాడు?"

బొమ్మతో పోదని షాపావిడ నెమ్మదిగా చెప్పింది. వాళ్ల వెంట ఆ రోజులు కూడా పోతాయి, ఇంటికెళ్లి ఆలోచించుకుని వచ్చే శనివారం రమ్మంది. మళ్లీ రెండు బస్సులా అని గుమాస్తా ప్రాణం ఉసూరుమంది. ఫొటోల మీదికి వంగి, ఆఫీసులో పేరు మార్పుకు వరసలో నిలబడ్డవాళ్లను పంపేసే గొంతుతోనే, "నువ్విక వెళ్లు," అన్నాడు.

పిన్ని గొడవపడలేదు. బతికుండగా మాత్రం ఎన్నడు పడింది గనక? జారిన కొంగు సర్దుకుని, పిల్లాణ్ణి చంకలో పైకి ఎగదోసుకుని, ఫొటో అంచు దాటి వెళ్లిపోయింది. ఇంకో ఫొటోలో బడి మెట్ల దగ్గర వాడి చొక్కా గుండీ పెట్టి, వేలు పట్టుకు నడిపించుకుపోయింది. వాడొకసారి వెనక్కి తిరిగి చూశాడు. గుమాస్తా అప్పటికే గడియారం చూస్తున్నాడు. పన్నెండు ఫొటోల్లో కుర్చీలు, మెట్లు, గోడలు మిగిలాయి.

మర్నాడు మిగతా ఫొటోలు చూపిద్దామని మేనత్త ఇంటికి వెళ్లాడు. ఆయన చిన్నతనం చూసినవాళ్లలో బతికుంది ఆవిడొక్కతే. ఎనభై దాటినా, గడప తొక్కగానే "ఏరా మొద్దూ, తిన్నావా?" అని నెత్తిన మొట్టేది. ఆ మొట్టికాయ పడితే ఆయన నడుంనొప్పి కూడా కాసేపు సద్దుమణిగేది. అలవాటు కొద్దీ తల వంచి నిలబడ్డాడు.

మేనత్త మోకాళ్లు పట్టుకుని లేచి, కుర్చీ వేసింది. "రండి బాబూ, కూర్చోండి. మా అన్నయ్యగారి అబ్బాయి కదూ? హాస్టల్లో ఉండగా చూశాను."

"అంతకుముందు, అత్తా? చంటివాణ్ణప్పుడు నేనెలా ఉండేవాణ్ణి?"

ఆవిడ కళ్లు చికిలించి ఆయన మొహమంతా వెతికింది. పాపం, మర్యాద తప్పినట్టు నొచ్చుకుంటూ, "చూసిన గుర్తు లేదు బాబూ," అంది.

ఆయన తనలోనూ వెతుక్కున్నాడు. హాస్టల్ ఇనుప మంచం, గోడకు మేకు. అంతకు వెనక ఒక ఒడి లేదు, ఒక గొంతు లేదు.

మేనత్త ఇంకో మూడేళ్లు బతికింది. ఆయన వెళ్లినప్పుడల్లా లేచి నిలబడి కుర్చీ వేసింది. మంచినీళ్లిచ్చింది, పిల్లలెలా ఉన్నారని అడిగింది. ఆవిడ పోయేదాకా ఆయన తలమీద మళ్లీ చెయ్యి పడలేదు.