పెరికేసిన మల్బరీ తోట

ఆ వేసవిలో ధర్మవరం నేతవీధిలో మిఠాయి పంచుకున్నారు. పరదేశపు పట్టునూలు చవకగా దిగిందని సంబరం. నరసింహులు కూడా ఒక ముక్క తీసుకుని, భార్యకు చూపుదామని ఇంట్లోకి తిరిగాడు. తన మగ్గానికి నూలు కండెలు చుట్టే రామలక్ష్మమ్మ పోయి ఏడాదైందని అప్పుడు గుర్తుకొచ్చింది. సంతోషం చెప్పుకునే మనిషి లేని ఇల్లు ఎంత పెద్దదిగా కనబడుతుందో పాఠకుల్లో కొందరికి తెలిసే ఉంటుంది.

ఆ ఇంటికి వచ్చేది గంగప్ప ఒక్కడే. సోమందేపల్లి దగ్గర పట్టుపురుగులు పెంచే రైతు. హిందూపురంలో పట్టుగూళ్లు అమ్మినప్పుడల్లా రైలెక్కి వచ్చేవాడు. "మా కూతురు ఝాన్సీ పెండ్లిచీర నీ మగ్గం మీదనే నేయాల" అని ప్రతిసారీ అనేవాడు. మిఠాయి పంచిన నాటి నుంచి అతను కనబడలేదు.

మాట ప్రకారం నరసింహులు చీర నేశాడు. ఈ నెలల్లో నేసిన తక్కిన చీరలు అమ్ముడుపోక బీరువాలో ఉన్నాయి. ఈ ఒక్కటైనా అమ్ముడుపోతే మగ్గం నిలుస్తుంది. లేకుంటే బెంగుళూరులో వాచ్‌మన్ పనే. చీర సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

గంగప్ప ఇంటి దగ్గర పురుగుల గది ముందు చెప్పులు విడిచి, తొట్టి నీళ్లతో కాళ్లు కడుక్కున్నాడు. బయటి మురికి తగిలితే పురుగులకు జబ్బని గంగప్ప నేర్పిన పద్ధతి. లోపల్నించి గంగప్ప నవ్వు వినిపించింది.

"ఏమప్పా నరసింహులూ, గొర్రెల్ని చూసేదానికి కాళ్లు కడుగుతాండావా?"

గదిలో పురుగుల తట్టలు లేవు. నిజంగానే గొర్రెలు. బయట పొయ్యి పక్కన, పురుగులకు మేతయ్యే మల్బరీ చెట్ల వేర్లు కుప్పగా పడి ఉన్నాయి.

"తోట పెరికేసినావా, గంగప్పా?"

"బయటి నూలు దిగినంక గూళ్లమ్మితే ఆకు కోసిన కూలి గూడా రాల్యా. నూలు చవకైందని మీ వీధిలో మిఠాయి పంచినారంట గదా?"

"నేనూ తిన్నాను."

"తినకుంటే మాత్రం నా తోట నిలుస్తాండెనా? కూచో."

గంగప్ప భార్య ఎల్లమ్మ సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరుబిండి తెచ్చి పెట్టింది. "ముందు తిను అన్నా. ఆయప్ప చెప్పలేడు, నేను చెప్తా. ఝాన్సీ పెండ్లికి మామూలు చీరే. ఆకు కోసే ఆడోళ్లంతా బెంగుళూరు బండెక్కినారు. ఈ ఊర్లో పట్టుచీర కొనేవాళ్లు ఇంక యాడుండారు?"

నరసింహులు చేతిలో ముద్ద ఆగిపోయింది. తన చీరలు కట్టింది గూళ్లమ్మిన, చెనిక్కాయలమ్మిన ఈ పల్లెలే. మిఠాయి నోట్లో వేసుకున్న రోజే తన గిరాకీ కూడా పోయిందని అతనికి ఇప్పుడు తెలిసింది.

లేచేటప్పుడు చీర తీసి ఎల్లమ్మ చేతిలో పెట్టాడు.

"వద్దన్నా!"

"కొనేవాళ్లుంటే నీకు ఇచ్చేవాణ్ణి కాదులేమ్మా" అని నవ్వబోయాడు.

గంగప్ప బస్టాండు దాకా వచ్చాడు. "మళ్లీ తోట పెడితే, గూళ్లమ్మి నీ ఇంటికే వస్తా."

"ఇంటికి తాళం ఉంటే బెంగుళూరుకు జాబు రాయి."

బస్సు కదిలింది. ఒళ్లో ఖాళీ సంచి ఉంది. ఎల్లమ్మ కట్టిచ్చిన సంగటి మూట ఇంకా వెచ్చగానే ఉంది. రైతు పంటకు ధర పడిపోతే సంతోషించే పట్నం ఒక సంగతి మరిచిపోతోంది: తన సరుకు కొనేది ఆ రైతే.