పెట్టెలో పైనున్న కార్డు

విమలకుమారి చేతిరాత ముత్యాల్లా ఉండటమే ఆ ఇంటి కొంప ముంచింది. ఆమె రాత కోడి గీకినట్టుంటే చర్చివాళ్ళు వాగ్దాన కార్డులు ఇంకెవరి చేతనైనా రాయించుకునేవారు.

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఒక స్కూలు హాలును ఆదివారాలకు అద్దెకు తీసుకుని నడుపుకునే తెలుగు చర్చి అది. కొత్త సంవత్సరం మొదటి రోజు ఉదయం ఆరాధనలో పెద్దా చిన్నా అందరూ పెట్టెలో చెయ్యి పెట్టి ఒక్కో కార్డు తీస్తారు. అందులో ఏ వాక్యం వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికి ఇచ్చిన మాట. ఎనిమిదేళ్ళుగా ఆ కార్డులన్నీ విమలకుమారే రాసి, చుట్టి, ఎర్ర రిబ్బను కడుతోంది. ఈ డిసెంబరులోనూ మోజెస్ పాస్టరుగారు అట్టపెట్టె తెచ్చి, "ఈసారీ మీరే రాయాలి సిస్టర్, మనసుకి కాస్త ఊరటగా ఉంటది," అని డైనింగ్ టేబుల్ మీద పెట్టి వెళ్ళారు. పాపం, ఆయనకేం తెలుసు? వారం గడిచినా ఆమె ఒక్క కార్డూ రాయలేదు.

శనివారం మధ్యాహ్నం ఆ టేబుల్‌కే అటుచివర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది కూతురు ఎలీనా. పదకొండో గ్రేడు. అక్టోబరులో తండ్రిని మట్టి చేసిన రోజు నుంచి ఆ పిల్ల చర్చి గడప తొక్కలేదు.

"మమ్మీ, గ్రీక్ ట్రాజెడీ మీద ఎస్సే రాశా. గాడ్స్, ప్రాఫెట్స్ గురించి. చదవనా?"

కూతురు తనంతట తాను మాట్లాడటమే పదివేలు. "చదువమ్మా," అంది విమలకుమారి.

ఎలీనా ఇంగ్లిష్‌లో చదువుతూ, తల్లి కోసం మధ్యమధ్య తెలుగులో చెప్పింది. "ఒక కింగ్ ఉంటాడు. ప్రాఫెట్ వచ్చి నీకిలా అవుద్ది అని చెప్తాడు. కింగ్ వినడు. తప్పించుకోడానికి ఏం చేస్తాడో, దానివల్లే అది జరుగుద్ది. ఆ స్టోరీ ఆడియన్స్ అందరికీ ముందే తెలుసు మమ్మీ. కింగ్‌కి ఒక్కడికే తెలీదు."

"తెలిసినవాళ్ళు చెప్పొచ్చుగా?"

"వాళ్ళు ఆడియన్స్ కదా. సీట్లో కూర్చుంటారు, అంతే."

విమలకుమారి తలొంచుకుని రిబ్బను చుట్ట అందుకుంది. ఎలీనా చివరి పేరా చదివింది. చదివి, లాప్‌టాప్ మూసి, తల్లి మొహంలోకి చూసింది.

"ఆ గాడ్స్ క్రూయల్ మమ్మీ. కానీ అబద్ధం చెప్పరు. ఆ ప్రాఫెట్స్ ఒక్కళ్ళు కూడా అబద్ధం చెప్పరు. మన గాడ్ డాడీకి లాంగ్ లైఫ్ ప్రామిస్ చేశాడు. చేసి చంపేశాడు. అదే రాశా."

దేవుడి మీద పడ్డ ఆ నింద ఎవరిదో విమలకుమారికి తెలుసు. తెలిసి ఏడాదిగా నోరు కుట్టేసుకుని ఉంది.

నిరుడు డిసెంబరులో భర్త కృపావరం మెడ కింద చిన్న గడ్డ కనబడింది. బయాప్సీ చేయించుకోమన్నాడు డాక్టరు. తను పనిచేసే డేటా సెంటర్‌లో ఎంత పెద్ద ఉపద్రవమొచ్చినా చెదరని మనిషి, ఆసుపత్రి పేరెత్తితే చంటిపిల్లాడైపోయేవాడు. రెండుసార్లు వాయిదా వేశాడు. జనవరి మొదటి వారానికి మూడో అపాయింట్‌మెంట్. దేవుడే బతుకుతావని చెబితే ధైర్యంగా వెళ్తాడు కదా అనుకుంది ఆ పిచ్చి ఇల్లాలు. దీర్ఘాయువు వాక్యమున్న కార్డును ఏరి పెట్టెలో అన్నింటికంటే పైన పెట్టింది. కూరగాయల షాపులో కూడా పైనున్న టమాటాలే సంచిలో వేసుకునే మనిషాయన. అనుకున్నట్టే పైనున్న కార్డే తీశాడు.

తీసి, చదివి, అందరి ముందూ ఏడ్చేశాడు. లేచి, దేవుడు తనకి దీర్ఘాయువు మాటిచ్చాడని సాక్ష్యం చెప్పాడు. హాలంతా ఆమేన్ అంది. ఇంటికొస్తూ కార్లో అన్నాడు: "దేవుడే మాటిచ్చాక మళ్ళీ డాక్టర్ని అడగటం అవిశ్వాసం కాదా విమలా? అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేసేస్తా."

అప్పుడే చెప్పాల్సింది. ఆ కార్డు నేను పెట్టానండీ అని ఒక్క మాట. కానీ అంతమంది ఆమేన్ అన్నాక, ఆయన మొహం అంతలా వెలిగాక, నోరు పెగల్లేదు. ఈ వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూనే మే నెల వచ్చింది. గడ్డ పెరిగి ఆసుపత్రికి వెళ్ళేసరికి గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. "నాలుగు నెలల ముందు వచ్చుంటే," అని డాక్టరు మాట సగంలో ఆపేశాడు. చివరి రోజుల్లో కూడా ఆయన ఆ కార్డు దిండు కింద పెట్టుకుని, "ఆయన మాట తప్పడు విమలా," అని ఆమెకే ధైర్యం చెప్పేవాడు. అప్పుడూ ఆమె ఆ మంచం పక్కన కుర్చీలో కూర్చుంది, అంతే.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకుంది. మొగుడు పోయాడు, కూతురు దేవుణ్ణి కూడా పోగొట్టుకుంటోంది. ఇప్పుడు చెబితే ఆ కూతురు తనకి దక్కకపోవచ్చు.

"ఎలీనా, ఆ చివరి పేరా తీసెయ్యమ్మా. దేవుడు డాడీకి ఏ మాటా ఇవ్వలేదు."

"వాట్?"

"ఆ కార్డు నేనే పైన పెట్టా. ధైర్యం వచ్చి టెస్ట్‌కి వెళ్తారనుకున్నా. ఇలా అవుద్దని అనుకోలేదు. అబద్ధం చెప్పింది దేవుడు కాదు నాన్నా, నేను."

పిల్ల అరుస్తుందనుకుంది. ఛీ కొడుతుందనుకుంది. ఏ మాటకైనా సిద్ధపడే చెప్పింది. ఎలీనా అరవలేదు. టేబుల్ మీదున్న పెట్టె వైపు చూసింది.

"ఆ రోజు బాక్స్ పట్టుకుంది నేను కదా మమ్మీ."

విమలకుమారి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడాదిగా దేవుడికి మొక్కింది, భర్తకి లోలోపలే క్షమాపణలు చెప్పుకుంది, తనని తాను తిట్టుకుంది. తెల్ల గౌను వేసుకుని ఆ పెట్టె మోసుకెళ్ళిన పిల్ల ఒక్కసారి కూడా ఆమెకు గుర్తు రాలేదు.

"నువ్వే చెప్పావ్. ఫస్ట్ డాడీ దగ్గరికి వెళ్ళు, షేక్ చెయ్యకు అన్నావ్. రిబ్బన్స్ ఊడిపోతాయేమో అనుకున్నా."

"నీ తప్పేం లేదమ్మా! నీకేం తెలీదు, నేనే నీ చేతికిచ్చి..."

ఎలీనాకి ఆ మాటలు వినబడుతున్నట్టు లేదు. లేచి ఆ ఖాళీ పెట్టెను రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. కళ్ళ నీళ్ళు చెంపల మీదుగా గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోవటానికి చెయ్యి తియ్యలేదు.

"చాలా కేర్‌ఫుల్‌గా తీసుకెళ్ళా మమ్మీ," అంది. "ఇలా. అస్సలు కదపకుండా."