మంచం పోయే దారి

ఆదిలాబాద్‌లో పాత జిన్నింగు మిల్లు వెనకాల బస్తీకి దవాఖానా మంజూరైంది. అంతవరకూ బాగానే ఉంది. ఎక్కడ కట్టాలన్న దగ్గరే బస్తీ రెండు ముక్కలైంది. బండ్లు ఆగడానికి వీలుగా రోడ్డు పక్క ఖాళీ జాగాలో కట్టాలని కుర్రకారు, బస్తీ లోపల ఒకప్పుడు పత్తి తూచిన కాంటా జాగాలో కట్టాలని ముసలివాళ్లు. చూసి తేల్చడానికి మున్సిపాలిటీ ఇంజనీరు విద్యాధర్ వచ్చాడు.

మొగిలి మాత్రం నోరు మెదపలేదు. మిల్లులో మూటలు మోసి మోసి నడుం వంగిన మనిషి. అతని ఇల్లు కాంటా జాగాను ఆనుకునే ఉంది. భార్య ప్రేమమ్మకు ఆయాసం. మిల్లులో పీల్చిన దూది దుమ్మంతా ఇప్పుడు ఊపిరికి అడ్డం పడుతోంది. దవాఖానా లోపలికి వస్తే ఆమె తనే నడిచి పోగలదు. రోడ్డు మీద కడితే, ఆయాసం వచ్చినప్పుడల్లా మంచం మీద మోసుకుపోవాల్సిందే. ఆ మాట పైకి అంటే సొంత లాభం చూసుకున్నాడంటారని భయం. పొద్దున ప్రార్థనలో దేవునికి చెప్పుకున్నాడు; మనుషులకు చెప్పడానికే నోరు పెగల్లేదు.

"గిట్ల ఒర్రుకుంటే తెగది," అంది శంకరవ్వ. బస్తీలో అందరికన్నా పెద్దామె. నులక మంచం తెప్పించి, దాని మీద తనే పడుకుంది. "మొగిలి ఇంటికాడికెల్లి రోడ్డుదాంక నన్ను మోస్కపోండ్రి. అల్కగ పోతే గాడనే కట్టుండ్రి. పడేసిన్రంటే మాత్రం ఒక్కొక్కని తాట తీస్త."

నలుగురు కుర్రాళ్లు ఎత్తారు. దారిపొడుగునా ఆమె తిట్లు ఆగలేదు. సందు మలుపులో మంచం తిరగదు, అది బస్తీలో అందరికీ తెలుసు. మోసేవాళ్లు ఆలోచించనైనా లేదు. రోగుల్ని మోసే అలవాటుగా మలుపు దగ్గరి గంగయ్య ఇంట్లో ముందు తలుపులోంచి దూరి, వెనక తలుపులోంచి రోడ్డు మీద తేలారు.

"చూసిన్రా సార్, ఎంత అల్కగ వచ్చినమో!" అన్నారు. ఇక రోడ్డు మీదే కడతారనుకున్నాడు మొగిలి.

విద్యాధర్ గంగయ్య గడప దగ్గరే ఆగిపోయాడు. "ఇది ఇల్లా, తొవ్వా?" అన్నాడు.

అందరూ నవ్వారు. మొగిలి కూడా నవ్వబోయి లోపలికి చూశాడు. ఆ ఇంట్లోంచి ఎన్నోసార్లు పోయాడు. పోయినప్పుడల్లా మంచం మీది మనిషినే చూశాడు గానీ ఇంటిని చూడలేదు. ఉన్నది ఒకటే గది. సామానంతా రెండు గోడలకూ అతుక్కుని ఉంది. మధ్యలో కూర్చునే పీట కూడా లేదు.

"లస్మక్కా, నడుమ గోడ పెట్టుకోకపోయిన్రా?" అని మొగిలి గంగయ్య భార్యను అడిగాడు.

"పెడితే మంచం ఎట్ల పోతది?" అంది లస్మవ్వ, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "నీ బిడ్డ పుట్టిన్నాడు ప్రేమను గిట్లకెల్లే గద తీస్కపోయినం. జర ఆలస్యమైతే తల్లి, బిడ్డ ఇద్దరు దక్కకపోదురన్నరు డాక్టర్లు. అప్పటిసంది మీ అన్న నడుమ ఏదీ పెట్టనియ్యడు."

గంగయ్య కొడుకు అరుణ్‌కుమార్ పెళ్లయిన కొత్తలోనే వేరే కిరాయి గదికి పోయాడు. కోడలు గయ్యాళి అని బస్తీ అంతా చెవులు కొరుక్కుంది. గోడ లేని ఒక్క గదిలో కొత్త జంట ఎట్లా ఉంటుందని ఎవరికీ తోచలేదు.

ఇక మొగిలి ఆగలేకపోయాడు. "సార్, కాంటా జాగలనే కట్టుండ్రి," అన్నాడు గట్టిగా. "నా ఇల్లు గాడనే ఉన్నది, నా పెండ్లానికి పాణం బాగలేదు. గదీ నిజమే, దాస్తలేను. కని గీ ఇంట్ల ఇగ గోడ లేవాలె. గంగన్న కొడుకు, కోడలు ఇంటికి రావాలె. మనందరి రోగాలు మోసిన ఇల్లు ఇది."

కుర్రాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లలో సగం మంది తల్లులు ఆ తలుపుల్లోంచే కాన్పుకు పోయారు. రోడ్డు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. విద్యాధర్ కాంటా జాగాలో ముగ్గు పోయించాడు.

దవాఖానాకు పునాది తీసిన వారమే గంగయ్య ఇంట్లో గోడ పని మొదలైంది. ఇటుకలు మోసింది మొగిలి. నడుం నొప్పి అన్నాడు గానీ ప్రేమమ్మ వింటేగా! "నీ నడుం కన్న నా పాణం పెద్దది, మొయ్యి," అంది.

మేస్త్రీ దారం కట్టబోతుంటే గంగయ్య ఆపాడు. మూలన ఉన్న మంచం తెచ్చి చూపించి, "గిది పట్టేంత తలుపు ఇడువు," అన్నాడు.

"ఇంకెందుకన్నా? దవాఖాన లోపలికే వచ్చె గద!" అన్నాడు మొగిలి.

"పెద్ద రోగమొస్తే పెద్ద దవాఖానకు పోవద్దా?"

మొగిలి చేతిలో ఇటుక కింద పెట్టి గంగయ్య చేతులు పట్టుకున్నాడు. భార్యాబిడ్డలు దక్కినందుకు ఇన్నేళ్లూ దేవునికే చెప్పుకున్న మాట మొదటిసారి మనిషికి చెప్పాడు. "నీ రుణం తీరదన్నా."

గంగయ్య చేతులు విడిపించుకుని, కళ్లు తుడుచుకున్నాడు.

"సిమెంటు ఎండుతున్నది. ఇటుకందియ్యి."