చోటు అనే గడి

భవానీపురంలో సంపూర్ణమ్మగారి మేడ కింది వాటాలో దీపాలు పెట్టే వేళ కాస్త సందడిగా ఉండేది. మంచం మీద పడేసిన కత్తెర కుట్టుపెట్టెలోకి, సోఫా కిందకి దొర్లిన రిమోట్ టీవీ పక్కకి, ఎక్కడో మరిచిపోయిన బండి తాళాలు గుమ్మం పక్క మేకుకి వాటంతటవే వచ్చి చేరేవి. దారికి అడ్డంగా నిలబడితే కాళ్లకి తగిలేవి, అంతే.

ఆ వాటాలో అద్దెకుండే వాళ్ల పిల్ల మనోజ్ఞ డేటాబేస్ కట్టినప్పటి నుంచీ ఇదే వరస. పిల్లకి ఎనిమిదేళ్లు. తోటి పిల్లలు వీధిలో గెంతుతుంటే ఇది నాన్న పాత లాప్‌టాప్‌కి అతుక్కుపోతుంది. బళ్లో కంప్యూటర్ సారు ఇచ్చిన మొదటి ప్రాజెక్టు ఇంటి సామాను. ఒక్కో వస్తువుకీ మూడు గడులు: పేరు, ఎవరిది, చోటు. ఏ గడీ ఖాళీగా ఉండకూడదని సారు చెబితే ఆ షరతు కూడా పెట్టేసింది.

"మా వెండి గ్లాసు కూడా ఎక్కించవే, కనబడి చావట్లేదు," అని ఇల్లుగలావిడ సంపూర్ణమ్మగారు పైనుంచి దిగొచ్చి మరీ అడిగింది.

సామాను కుదురుకుంది గానీ మనోజ్ఞ నాన్న కుదురుకుంటేనా? చక్రి టైల్స్ కంపెనీలో సేల్స్ చేస్తాడు. ఏ ఇంట్లో దిగినా ఏడాది తిరక్కుండా దానికో వాస్తు దోషం పుట్టుకొస్తుంది. పటమటలో వీధిపోటు. సింగ్‌నగర్‌లో ఈశాన్యాన బాత్రూము. ఇప్పుడిక్కడ ఆగ్నేయంలో నీళ్ల సంపు. తనకి ప్రమోషన్ రాకపోవడానికి ఆ సంపే కారణమని తేల్చేశాడు.

"గన్నవరంలో ఇల్లు చూశా. ఆదివారం బాగుందట."

"వరండాలో పిల్లలున్నారండీ," అంది అతని భార్య శ్రీదుర్గ.

"అక్కడా వరండా ఉందిలే. పిల్లలు దొరక్కపోతారా?"

శ్రీదుర్గకి కూచిపూడి వచ్చు. ఏ వాటాలో దిగినా నలుగురు పిల్లల్ని పోగుచేసి నాట్యం నేర్పుతుంది. వాళ్ల అడుగులు తాళానికి కుదిరే వేళకి అట్టపెట్టెలు దిగుతాయి. ఈ పిల్లలు మరీ చేతికందొచ్చారు. తనదని చెప్పుకోడానికి ఉన్నది ఆ ఒక్క పనే, అదీ నిలవదు. వద్దని గట్టిగా ఎప్పుడూ అనలేదు. అననందుకు తన మీద తనకే మండిపోతోంది. శనివారం పాఠమయ్యాక పిల్లలు "రేపు రావాలా అక్కా?" అంటే గజ్జెలు విప్పమంది.

ఆదివారం గన్నవరంలో దిగారు. గోధూళి వేళ పాలు పొంగించాలని సిద్ధాంతి చెప్పాడు. పొంగితేగానీ కొత్తింట్లో దిగినట్టు కాదు. శ్రీదుర్గ పొయ్యి మీద గిన్నె పెట్టింది. పాలు కాస్త వేడెక్కాయో లేదో గిన్నె అటూ ఇటూ కదిలి, పొయ్యి దిగి, తొణక్కుండా వీధిలోకి నడిచింది. వెనకే పీట. దాని వెనక ఇస్త్రీపెట్టె, కుట్టుపెట్టె, రిమోట్.

చక్రి గేటు దాకా పరిగెత్తి, వగరుస్తూ తిరిగొచ్చాడు. "చోటు మార్చలేదుటే?"

"మరిచిపోయా నాన్నా. అన్నిటికీ భవానీపురమనే ఉంది."

కాసేపటికి సంపూర్ణమ్మగారి ఫోను. "అమ్మాయ్, మీ పాలగిన్నె మన కింది వాటాలో పొయ్యెక్కి కూర్చుంది. మంట పెట్టనా, వద్దా?"

"ఉండండి పిన్నిగారూ," అంది శ్రీదుర్గ. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరిగింది.

మనోజ్ఞ ఖాళీ హాల్లో నేల మీద లాప్‌టాప్ తెరిచింది. "అన్నీ మారుస్తా. మనుషుల్ని కూడా ఎక్కిస్తా. నాది అమ్మ పక్కన. అమ్మా, నీ చోటేంటి?"

ఇన్నిళ్లు మారారు, ఆ మాట శ్రీదుర్గని అడిగిన వాళ్లు లేరు. చెప్పేసింది.

"సంపూర్ణమ్మగారి వరండా."

చక్రి తలెత్తి చూశాడు. పిల్ల టైపు చేసేసింది.

"నాన్నా, నీది?"

"నాదా..." పటమట అనబోయాడు, ఆగాడు. గన్నవరం అనడానికీ నోరు రాలేదు. "ఖాళీగా వదిలెయ్."

"ఖాళీగా ఉంటే తీసుకోదు నాన్నా."

అప్పటికే శ్రీదుర్గ కాళ్లు గుమ్మం వైపు లాగుతున్నాయి. ఆమె ఆపుకోలేదు. చెప్పులేసుకుంది, పిల్ల లాప్‌టాప్ అక్కడే వదిలేసి వచ్చి పక్కన చేరింది, ఇద్దరూ బస్సెక్కారు. బస్సు ఆగిన ప్రతిచోటా శ్రీదుర్గ వెనక్కి తిరిగి చూసింది.

వరండాలో పిల్లలు అప్పుడే గజ్జెలు కట్టుకుని ఉన్నారు. పాలగిన్నెని చూడగానే వాళ్లకి కబురు సంపూర్ణమ్మగారే పంపింది. పొయ్యి మీద గిన్నె అలాగే ఉంది. శ్రీదుర్గ మంట పెట్టలేదు. గేటు దగ్గరికి వెళ్లింది, లోపలికొచ్చింది, మళ్లీ వెళ్లింది. ఆయన రాకపోతే? ఒక్క మాటకి కాపురం రెండూళ్లపాలవుతుందా? భయమేసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

సందు మొదట్లో చక్రి బండి దిగి, తన కాళ్ల వంకే చూసుకుంటూ నడిచొచ్చాడు.

"గడిలో ఏం రాశారు?"

"ఎంత ఆలోచించినా తట్టలేదు. నీ గడిలోదే నా గడిలో ఎక్కించా."

సంపు పక్కనుంచే లోపలికెళ్లి పొయ్యి వెలిగించాడు. పాలు పొంగి గట్టు మీదికి కారాయి. శ్రీదుర్గకి ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని వరండాలోకి వెళ్లింది.

"రేపు ఎవరూ ఆలస్యంగా రావద్దు," అంది పిల్లలతో.