పొడి చేతులు

మంగళవారం పొద్దున గని వాళ్ల పెట్టె తిరిగొచ్చింది. మేము పంపిన ఎనిమిది పంపు షాఫ్టులూ అందులోనే ఉన్నాయి. ఫోర్‌మన్ కెల్విన్ మూత ఊడదీసి, కాగితాలు విప్పి, ఒక్కొక్కటీ నా బల్ల మీద వరసగా పెట్టాడు. నున్నగా సానపట్టిన చోట, సరిగ్గా సీలు కూర్చునే చోట, తుప్పుపట్టిన వేలిముద్రలు.

"చూశావా మహాతల్లీ, ఎనిమిదింటికి ఎనిమిదీ," అన్నాడు. "ఇంకోసారి ఇలా వస్తే పని వేరేవాళ్లకిచ్చేస్తారట."

"నాకెందుకు చూపిస్తావు? చేసినవాడికి చూపించు," అన్నాను.

చేసినవాడెవడో నాకు తెలుసనే అనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని చూడను కూడా చూడలేదు.

ఆస్ట్రేలియాలో మా మెకే ఊళ్లో ఫిబ్రవరి అంటే వానాకాలం, ఉతికిన బట్ట మూడు రోజులకీ ఆరదు. సానపట్టిన ఇనుము మీద ఉత్తచెయ్యి పెడితే మర్నాటికి ముద్ర లేస్తుంది. అయితే అందరి చెయ్యీ ఒకలా ఉండదు. కొందరి చెమట ఇనుమును తినేస్తుంది, కొందరిది ఏమీ చేయదు. అందుకే మా మెషిన్ షాపులో కొత్తగా చేరినవాళ్లకు ఒక పరీక్ష ఉంది. నిగనిగలాడే ఇనుపముక్క మీద బొటనవేలు ఆనించి పది లెక్కపెట్టాలి. ఆ ముక్కను తడిగుడ్డతో పాటు బేసిన్ కింద బోర్లించి మర్నాడు తీస్తాం. తుప్పు లేస్తే ఆ మనిషి షాపులో ఉన్నన్నాళ్లూ గ్లౌజులు తీయడానికి లేదు.

నేను ముప్పై ఒక్కేళ్ల కిందట వేలు ఆనించిన ముక్క ఇప్పటికీ నా బల్ల ముందు మేకుకు వేలాడుతోంది. ప్రతి సోమవారం నూనెగుడ్డతో తుడుస్తాను. మచ్చ లేదు. తయారైన సరుకును కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, నూనెలో ముంచి తీసి, అంచులు వేలితో తడిమి, తుప్పు పట్టనివ్వని కాగితంలో చుట్టడం నా పని. గ్లౌజుతో తడిమితే అంచున వెంట్రుకంత గరుకు మిగిలినా తెలియదు. అందుకని షాపు మొత్తం మీద ఉత్తచేత్తో సరుకు ముట్టుకునే హక్కు నాకొక్కదానికే ఉంది. పొడి చేతుల నోరీన్ అంటారు నన్ను. ఆ పేరంటే నాకు గర్వం, దాచుకోను.

ఫినౌది పసిఫిక్ దీవుల్లోని టోంగా. డిసెంబర్ మొదట్లో చేరాడు, సానమిషను మీద. మెడలో తువ్వాలు లేకుండా పది నిమిషాలు ఉండలేడు, అంత చెమట. అతను చేరిన వారమే మా ఆయన ఓవెన్ పోయాడు. మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటూ, ఒక బూటు వేసుకుని రెండోది చేతిలో ఉండగా పోయాడు. నేను నాలుగు రోజులు సెలవు పెట్టాను. పరీక్ష పెట్టేది నేనే కాబట్టి ఆ నాలుగు రోజుల్లో ఫినౌకు ఎవరూ పెట్టలేదు. గ్లౌజులు చేతికిచ్చి సరిపెట్టారు.

పన్నెండు వారాలైంది. ఏడవలేదు. ఏడుపు ఆపుకున్నాననుకునేరు, రాలేదంతే. లేస్తున్నాను, తింటున్నాను, పనికొస్తున్నాను. రెండో బూటు మెట్ల మీదే ఉంది. దాన్ని దాటుకుని వెళ్తున్నాను. కారు స్టీరింగు జిగటగా ఉంటోంది, బ్యాంకు వాళ్ల కాగితం మీద సంతకం పెడితే సిరా అలుక్కుపోయింది. వానాకాలం కదా అనుకున్నాను.

"పోనీ, ఎవరంటావు?" అన్నాడు కెల్విన్.

నేను గడ్డంతో సానమిషను వైపు చూపించాను. ఫినౌ మిషను ఆపి వచ్చాడు.

"నేను గ్లౌజులు తీయలేదు ఆంటీ."

"నీ చెమటకు గ్లౌజులొక లెక్కా? పడవలో వేసుకునే కోటు కావాలి నీకు."

లేత్ మీద పనిచేసే మెర్వ్ పకపకా నవ్వాడు. ఫినౌ నవ్వలేదు. అతని మూడు నెలల గడువు శుక్రవారంతో అయిపోతుంది. ఉంచుకోవాలో పంపేయాలో కెల్విన్ ఆ రోజే తేల్చాలి. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. ఓవెన్ అంత్యక్రియలకు అతను ముక్కూ మొహం తెలియకపోయినా చావుకు వాళ్ల ఆచారం ప్రకారం నడుముకు చాప చుట్టుకుని వచ్చి వెనక నిలబడ్డాడు. అప్పట్నుంచీ ప్రతి గురువారం వాళ్లావిడ నాకోసం చామాకుల్లో కొబ్బరిపాలూ డబ్బా మాంసమూ పెట్టి వండి పంపుతోంది. నేను థాంక్స్ చెప్పి, ఇంటికెళ్లి చెత్తలో పడేస్తున్నాను. అంత తెలిసీ గడ్డం ఎత్తి చూపించాను. నాకేమీ అనిపించలేదు.

"సరే, ముక్కలు కోస్తాను," అన్నాడు కెల్విన్. "అందరూ వేలు పెట్టండి. నువ్వు కూడా, నోరీన్."

"నాకెందుకు? నాది మేకుకుంది చూడు."

"గని వాళ్లు అడిగితే నలుగురివీ చూపించాలిగా. పెట్టు తల్లీ, నీ సొమ్మేం పోదు."

పెట్టాను. మచ్చ లేని ముక్క ఎలా ఉంటుందో ఫినౌ కూడా చూస్తాడులే అనుకున్నాను. ముక్కల వెనక పేర్లు పంచ్‌తో కొట్టి, నాలుగింటినీ టీగదిలో బేసిన్ కింద బోర్లించాం.

బుధవారం పొద్దున టీ తాగకముందే కెల్విన్ బేసిన్ ఎత్తాడు. అతనిది శుభ్రంగా ఉంది. మెర్వ్‌ది ఒక మూల కాస్త మసకేసింది. ఫినౌది కడిగిన పళ్లెంలా ఉంది. నాలుగో ముక్క మీద బొటనవేలు మొత్తం ఎర్రగా లేచింది, వేలిగీతలతో సహా. దానికి అడ్డంగా ఏటవాలుగా ఒక సన్నటి తెల్లగీత, తుప్పు పట్టని చోటు.

కెల్విన్ ముక్క తిప్పి పేరు చూశాడు. మళ్లీ తిప్పాడు.

"ఏదో తారుమారయ్యుంటుంది," అన్నాడు.

కాలేదు. ఆ గీత నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో లేత్ నుంచి చుట్టలుగా లేచిన ఇనుపతీగ నా బొటనవేలు కోసేస్తే ఓవెన్ తన చొక్కా చించి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారంతా తిడుతూనే ఉన్నాడు, నన్ను కాదు, ఎదురొచ్చిన ప్రతి ట్రాఫిక్ లైటునూ.

నా బల్ల దగ్గరికి వెళ్లి కళ్లజోడు పెట్టుకున్నాను. మొదటి షాఫ్టు మీద ఆ గీత ఉంది. రెండోదాని మీదా ఉంది. ఎనిమిదీ చూశాను. ఎనిమిదింటి మీదా నేనే ఉన్నాను.

"ఆంటీ," అన్నాడు ఫినౌ. నా వెనకే వచ్చి నిలబడ్డాడు. "మా నాన్న పోయినప్పుడు ఊరంతా వచ్చి మా అమ్మతో పాటు వారం రోజులు కూర్చున్నారు. అందరం ఏడ్చాం. మీ దగ్గర ఎవరూ కూర్చోలేదు కదా."

"రానిస్తే కదా," అన్నాను. నిజమే అది. వచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపేశాను.

కెల్విన్ దూరం నుంచే గొంతు సవరించుకున్నాడు. "స్టోరులో కూర్చో కొన్నాళ్లు. లెక్కలు చూసుకో. తర్వాత చూద్దాం."

"స్టోరూ వద్దు, జాలీ వద్దు. ముందు ఇతన్ని ఉంచుకుంటున్నట్టు అందరి ముందూ చెప్పు. నిన్న నేను అందరి ముందే చూపించాను."

చెప్పాడు. మెర్వ్ నేల చూపులు చూశాడు. నేను ఫినౌ వైపు తిరిగి, "తప్పు నాది," అన్నాను. అతని చేతులు పట్టుకుని గ్లౌజులు లాగేసి నా చేతులకు తొడుక్కున్నాను. ఇంకా వెచ్చగానే ఉన్నాయి, నా చేతులకు మరీ పెద్దవి.

"ఇలా రా. వేలు పడుకోబెట్టు, గుచ్చకు. అంచు వెంబడి మెల్లగా పోనీ. కళ్లు మూసుకో."

అతను కళ్లు మూసుకున్నాడు. ఆ లావుపాటి బొటనవేలు షాఫ్టు అంచున మెల్లగా జరిగి ఒకచోట ఆగింది.

"ఇక్కడ గరుకుంది ఆంటీ."

నేనూ తడిమాను. గ్లౌజులోంచి ఏమీ తెలియలేదు. ముప్పై ఒక్కేళ్లలో మొదటిసారి వేరేవాళ్ల మాట నమ్మి ఆ చోట సున్నితంగా సానపట్టే నూనెరాయి పెట్టి గీశాను. మధ్యాహ్నం దాకా ఎనిమిదింటి మీదా నా ముద్రలు నేనే నూనెరాయితో అరగదీశాను. సీలు చోట కొలత తప్పిన రెండింటిని పక్కన పెట్టాం. మిగతావాటిని ఫినౌ ఉత్తచేతులతో తడిమి చుట్టాడు. మేకుకున్న ముక్క తీసి జేబులో వేసుకున్నాను.

సాయంత్రం గ్లౌజులు విప్పితే వేళ్లు ముడతలు పడి తెల్లగా పాలిపోయి ఉన్నాయి, చాలాసేపు నీళ్లలో నానినట్టు. గ్లౌజులు తలకిందులు చేశాను. వేళ్ల కొసల నుంచి నీళ్లు సిమెంటు నేల మీద పడ్డాయి. కళ్లలోంచి రాని నీళ్లు ఇటు దారి చూసుకున్నట్టున్నాయి. తర్వాత ఫినౌ వాళ్లావిడ గురువారం పంపే వంట గుర్తొచ్చింది.

"రేపు మీ ఆవిడను ఎక్కువ వండమను," అన్నాను. "నువ్వూ, పిల్లలూ కూడా రండి. గుమ్మం దగ్గర ఒక బూటుంటుంది, తన్నకండి."